పొగాకు వచ్చిన దారి, చక్కెర పోయే దారి

మచిలీపట్నాన్నీ సూరత్‌నీ రెంటినీ ఎరిగిన మనుషులు చరిత్రలో చాలామందే ఉన్నారు. వాళ్లలో విలియం మెథ్వోల్డ్ దగ్గర నా మనసు ఆగుతుంది. ఈ ఇంగ్లీషు వర్తకుడు 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నం కోఠీలో పనిచేశాడు. గోల్కొండ రాజ్యం గురించి అతను రాసిన వృత్తాంతం 1626లో లండన్‌లో అచ్చయింది. వజ్రాల గనులు, అద్దకం బట్టలు, నీలిమందుతో పాటు పొగాకు కూడా అందులో ఉంది. అమెరికా నుంచి పోర్చుగీసు ఓడల మీద వచ్చిన మొక్క అప్పటికే తెలుగు నేలలో పాతుకుని, మళ్లీ ఓడలెక్కి పరదేశాలకు పోయే సరుకైంది. 1633లో అదే మెథ్వోల్డ్ సూరత్ కోఠీకి అధ్యక్షుడై వచ్చాడు. ఇక్కడా పొగాకు అతనికంటే ముందే ఉంది. 1613 నాటికే సూరత్ చుట్టుపక్కల పల్లెల్లో పొగాకు సాగవుతోంది.

మాది సూరత్‌లోని లింబాయత్. మా బాపు సిరిసిల్లలో సాంచెలు నడిపి, బతుకుదెరువుకు ఇక్కడి మరమగ్గాల కార్ఖానాకు వచ్చాడు. మా అమ్మ పెళ్లికి ముందు నుంచే బీడీలు చుట్టేది. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో చదువుకుని, ఇప్పుడు న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. క్యాన్సర్ అనుమానం ఉన్నవాళ్లకు ఒక రకం చక్కెరను నరంలోకి ఎక్కించి, అది ఒంట్లో ఎక్కడెక్కడ చేరిందో బొమ్మ తీస్తాం. ఊపిరితిత్తిలో ఒక మూల ఆ చక్కెర కుప్పపడి కనిపించిన ప్రతిసారీ, ఇది ఇక్కడి దాకా ఏ దారిన వచ్చిందని ఆలోచిస్తాను. వెతుక్కుంటూ పోతే ఆ దారి నాలుగు వందల ఏళ్ల వెనక్కి, తాపీ నది ముఖద్వారం దాకా పోయింది.

దర్బారులో హుక్కా, పల్లెలో చిలుం

అక్బర్ ఆస్థానానికి పొగాకును బీజాపూర్ నుంచి తెచ్చింది అసద్ బేగ్. రత్నాలు పొదిగిన గొట్టంతో సహా అతను దాన్ని పాదుషా ముందు పెట్టిన ముచ్చట తనే రాసుకున్నాడు. అది 1605కు కాస్త అటూ ఇటూ. దర్బారు వైద్యుడు అడ్డుపడ్డాడు. మన గ్రంథాల్లో లేని వస్తువు, గుణమేమిటో తెలియదు, వద్దన్నాడు. అయినా అక్బర్ రెండు మూడు దమ్ములు పీల్చాడు. పెద్దవాళ్లు తెప్పించుకోవడం మొదలుపెట్టారు, వర్తకులు అమ్మడం మొదలుపెట్టారు. పన్నెండేళ్లు గడిచేసరికి, 1617లో, పొగాకు జనానికి చేటు చేస్తోందని జహంగీర్ నిషేధించాడు. ఆ ఫర్మానాను ఎవరూ పట్టించుకోలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే ఇంగ్లీషు రాయబారి థామస్ రో వెంట ఎడ్వర్డ్ టెర్రీ అనే మతగురువు ఉన్నాడు. ఇక్కడివాళ్లు పొగాకు విస్తారంగా పండిస్తారనీ, సన్న మెడ మట్టికుండలో నీళ్లు పోసి, పైన పొగాకూ నిప్పూ పెట్టి, గొట్టంతో పీలుస్తారనీ అతను వర్ణించాడు. నిషేధమున్న దేశంలో ఒక విదేశీయుడి కంటికే ఇంత స్పష్టంగా కనిపించిందంటే, పాదుషా మాట కన్నా పంట బలమైనదని అర్థం. రైతుకు రొక్కం, దళారికి లాభం, సుంకపు చావడికి రాబడి. ఇన్ని చేతులకు అందిన పంటను ఏ పాలకుడూ పెరికేయలేకపోయాడు.

మన వైపూ ఇదే కథ. గోదావరి లంకల పొగాకు చుట్టలైంది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగారు. దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ మీద విశాఖ వైద్యులు చేసిన పని ప్రపంచ వైద్య గ్రంథాలకు ఎక్కింది. 1920ల్లో గుంటూరు నల్లరేగడిలో వర్జీనియా పొగాకు బాగా పండుతుందని తేలాక సిగరెట్ కంపెనీలు అక్కడ పాగా వేశాయి. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలిసింది. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉంది.

గుజరాత్ పొగాకు, తెలంగాణ ఆకు

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బీడీ చరిత్ర. అది నేరుగా మా ఇంట్లోంచి పోయింది. బీడీ పుట్టింది గుజరాత్‌లో. ఖేడా, ఆనంద్ ప్రాంతపు చరోతర్ నేలలో పండే ఘాటైన పొగాకును అక్కడివాళ్లు రకరకాల ఆకుల్లో చుట్టి తాగేవారు. 1899లో ఘోరమైన కరువు వచ్చింది. ఊళ్లు వదిలి మధ్య భారతంలో రైలు మార్గాల పనులకు పోయిన గుజరాతీలకు అక్కడి అడవుల్లో తునికాకు దొరికింది. తడిపితే చిట్లకుండా వంగుతుంది, ఎండితే గట్టిగా నిలుస్తుంది, అడవినిండా ఉంటుంది. ఆ ఆకుతో బీడీ ఇంటి పని స్థాయి దాటి పెద్ద వ్యాపారమైంది.

ఆకు ఎక్కడుంటే, తక్కువ కూలికి చుట్టే చేతులు ఎక్కడుంటే బీడీ అక్కడికి పోయింది. ఆదిలాబాద్, వరంగల్, ఖమ్మం అడవుల ఆకు, నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల ఆడవాళ్ల చేతులు. సిరిసిల్లలో పద్మశాలి ఇళ్లు చూస్తే మగవాళ్లు సాంచెల మీద, ఆడవాళ్లు చాటల ముందు. మా అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని, కత్తెరతో ఆకును కొలతకు కోసి, చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, దారం కట్టేది. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. కూలి మాత్రం వెయ్యి లెక్కన. తంబాకు నుసి ఆమె గోళ్లలో, చీర కుచ్చిళ్లలో, మా పక్కబట్టల్లో ఉండేది. బీడీ డబ్బులతోనే మా పెద్దమ్మ కూతుళ్ల పెళ్లిళ్లయ్యాయి, మా ఫీజులు కట్టారు. ఆ పనిని నేను ఎన్నటికీ చులకన చేయలేను.

అక్కడ పనిలేక మగవాళ్లు భివండీకి, షోలాపూర్‌కు, సూరత్‌కు తరలివచ్చారు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ దిగిన వాళ్ల సంచుల్లో పచ్చళ్లతో పాటు బీడీ కట్టలుండేవి. మగ్గాల చప్పుడులో పన్నెండు గంటల షిఫ్టు. నిద్ర ఆపుకోవడానికి బీడీ, ఆకలి ఆపుకోవడానికి బీడీ. గుజరాత్ చేనులో పుట్టిన పొగాకు తెలంగాణ ఆడవాళ్ల చేతుల్లో బీడీ అయి, గుజరాత్ కార్ఖానాలో తెలంగాణ మగవాళ్ల ఊపిరితిత్తుల్లోకి చేరింది. ఈ చుట్టు మొత్తంలో ఎక్కువ లాభం పొందినవాళ్లు ఈ నేసేవాళ్లూ కారు, చుట్టేవాళ్లూ కారు.

బీడీలో పొగాకు తక్కువే కదా, ఆకే కదా, చేటు తక్కువని మా వాళ్లు నమ్మేవారు. నిజం దానికి ఎదురుగా ఉంది. తునికాకులోంచి గాలి ఆడదు. ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. అందుకే పొగాకు తక్కువున్నా తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే తక్కువేమీ లోపలికి పోవు, తరచూ ఎక్కువే పోతాయి. పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లో లండన్‌లో డాల్, హిల్ ఒకవైపు, అమెరికాలో విండర్, గ్రాహమ్ మరోవైపు తేల్చి చెప్పారు. బొంబాయి రోగుల మీద నొటానీ, సంఘ్వీ చేసిన పరిశీలన 1974లో వెలువడింది. బీడీ తాగేవాళ్లకూ ఈ ముప్పు తప్పదని అది చూపించింది. ఆ సంగతి లింబాయత్ గల్లీలకు చేరడానికి మరో తరం పట్టింది.

1994 సెప్టెంబరులో సూరత్ ఊపిరితిత్తుల గురించి ప్రపంచమంతా మాట్లాడింది. ఊపిరితిత్తుల ప్లేగు వచ్చిందని లక్షలమంది ఊరు విడిచారు. మా గల్లీ సగం ఖాళీ అయింది. యాభైమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్తనూ మురుగునూ ఎత్తించి, ఊరి రూపమే మార్చేశారు. వ్యాధికి కారణం మనుషుల ఏర్పాట్లలో ఉందనీ, ఆ ఏర్పాట్లను మార్చవచ్చనీ మా ఊరు అప్పుడు కళ్లారా చూసింది. పొగ చంపేది నెమ్మదిగా, ఇంటికొకరిని. అందుకే ఎవరూ రైలెక్కి పారిపోలేదు.

భీమవరం నుంచి వచ్చిన లెక్క

మా పెద్దబాపు దగ్గుతో ఊరికి పోతే, అక్కడొక డాక్టరు ముందు టీబీ మందులిచ్చాడు. నెలలు గడిచాక గడ్డని తేలింది. అప్పటికే ఆలస్యమైంది. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో చాలామందికి ఇలాగే జరుగుతుంది. రెండిటికీ దగ్గే, బరువు తగ్గడమే, ఎక్స్‌రేలో మచ్చే. ఆయన పోయిన తర్వాతే నేను ఈ చదువు ఎంచుకున్నాను. క్యాన్సర్ కణం ఎలా బతుకుతుందో తెలుసుకోవాలన్న పట్టుదల అప్పుడే కలిగింది.

1920ల్లో బెర్లిన్‌లో ఓటో వార్‌బర్గ్ గడ్డల ముక్కలను గాజు పాత్రల్లో పెట్టి కొలిచాడు. మామూలు కణం ఆక్సిజన్ అందుతుంటే గ్లూకోజును పూర్తిగా దహించి శక్తి తీసుకుంటుంది. క్యాన్సర్ కణం ఆక్సిజన్ ఉన్నా సరే, గ్లూకోజును సగంలోనే విరిచి లాక్టిక్ ఆమ్లంగా వదిలేస్తుంది. ఒక గ్లూకోజు అణువును చివరిదాకా దహిస్తే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులు దాదాపు ముప్పై వస్తాయి. సగంలో వదిలేస్తే వచ్చేవి రెండే. అందుకే క్యాన్సర్ కణం విపరీతంగా గ్లూకోజు లాక్కుంటుంది. మిగిలిన కార్బన్‌తో కొత్త కణాలకు కావలసిన పొరలూ, డీఎన్ఏ ముక్కలూ తయారు చేసుకుంటుంది. దానికి శక్తి కంటే పెరుగుదల ముఖ్యం.

ఆ ఏటీపీ దగ్గర మన తెలుగువాడు కనిపిస్తాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరుతో తర్వాతి తరాల జీవరసాయన విద్యార్థులంతా దాన్ని నేర్చుకున్నారు. ఆ కొలతే వాళ్లను 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికీ, 1929లో ఏటీపీ దగ్గరికీ తీసుకుపోయింది. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు. తర్వాత లెడర్లీ కంపెనీలో సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు చికిత్స చేశాడు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ మా ఆసుపత్రుల ఫార్మసీల్లో ఉంది. 1948లో సుబ్బారావు కన్నుమూశారు. కణం శక్తిని ఏ రూపంలో దాచుకుంటుందో చెప్పిన చేతులే, కణం పెరుగుదలను ఆపే మందునూ ఇచ్చాయి.

వార్‌బర్గ్ చూసిన ఆకలి రోగ నిర్ధారణకు పనికిరావడానికి యాభై ఏళ్లు పట్టింది. గ్లూకోజుకు రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి చేసే ఎఫ్‌డీజీని 1976లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో తయారుచేసి, చిన్న విమానంలో ఫిలడెల్ఫియాకు పంపి, మొదటిసారి మనుషులకు ఇచ్చారు. ఆ ఫ్లోరిన్‌లో సగం 110 నిమిషాల్లో కరిగిపోతుంది. అందుకే మా పనంతా గడియారం చూసుకుంటూ సాగుతుంది. మన దేశంలో 2002లో ముంబయి పరేల్‌లో మెడికల్ సైక్లోట్రాన్ పనిచేయడం మొదలయ్యాక ఈ పరీక్ష మనకూ అందింది.

కణంలోకి పోగానే హెక్సోకైనేజ్ అనే ఎంజైము గ్లూకోజుకు ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. మామూలు గ్లూకోజయితే ముందుకు నడుస్తుంది. ఎఫ్‌డీజీ అక్కడే చిక్కుకుపోతుంది. అలా చిక్కుకున్నదాన్నే మా యంత్రం చూస్తుంది. టీబీ మచ్చ కూడా ఇలాగే చక్కెర లాక్కుంటుంది కాబట్టి, బొమ్మ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ముక్క తీసి పరీక్షించాలి. మా పెద్దబాపు నేర్పిన పాఠం ఇది.

పురుగులో దొరికిన చిన్న పోగు

క్యాన్సర్ కణంలో హెక్సోకైనేజ్ ఎందుకు అంతగా పేట్రేగుతుంది? ఈ ప్రశ్నకు ఒక జవాబు మిల్లీమీటరు పొడవున్న పురుగులో దొరికింది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ బృందాలు సీ ఎలిగాన్స్ అనే ఆ పురుగులో, కేవలం 22 అక్షరాల పొడవున్న ఆర్‌ఎన్‌ఏ ఒక జన్యువు పనిని అణచివేస్తోందని చూపాయి. అది పురుగుకే పరిమితమనుకుని లోకం పెద్దగా పట్టించుకోలేదు. 2000లో రువ్‌కున్ బృందం కనుగొన్న రెండోది, లెట్-7, మనుషుల్లో కూడా ఉందని తేలాక అందరూ తిరిగి చూశారు. 2024లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

కార్ఖానాలో పెరిగినదాన్ని కాబట్టి నాకు అర్థమైన తీరులో చెబుతాను. మరమగ్గంలో పేక తెగితే సాంచె తనంతట తనే ఆగాలి. పోగును తాకుతూ ఉండే చిన్న ఫోర్కు ఆ పని చేస్తుంది. అది చెడిపోతే మగ్గం ఆడుతూనే ఉంటుంది, గజాల కొద్దీ బట్ట ఖరాబవుతుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అని పిలిచే ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏ కణంలో అలాంటి పనిముట్టు. జన్యువు నుంచి ప్రోటీన్ తయారీకి వెళ్లే సందేశానికి అతుక్కుని, ఇక చాలంటుంది.

2004లో జపాన్‌లోని నగోయా పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్లలో లెట్-7 తగ్గిపోవడం చూశారు. అది బాగా తగ్గిన రోగులు ఆపరేషన్ తర్వాత తక్కువ కాలం బతికారు. మరుసటి ఏడాది ఫ్రాంక్ స్లాక్ బృందం కారణం చెప్పింది. కణాన్ని పెరగమని తరిమే రాస్ జన్యువును లెట్-7 అణచి ఉంచుతుంది. 2009లో బోస్టన్ పరిశోధకులు పొగతాగేవాళ్ల శ్వాసనాళపు కణాలు తీసి చూశారు. 28 మైక్రో ఆర్‌ఎన్‌ఏల మోతాదు మారిపోయింది, వాటిలో ఎక్కువ భాగం తగ్గినవే. 2012లో చైనా పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మరో సంగతి కనిపెట్టారు. మిర్-143 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ హెక్సోకైనేజ్-2 తయారీని అణచివేస్తుంది. అది తగ్గితే ఆ ఎంజైము పెరుగుతుంది, గ్లూకోజు వాడకం పెరుగుతుంది, గడ్డ పెరుగుతుంది. అణచివేసేవన్నీ మేలు చేయవు. మిర్-21 ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పెరిగి, పెరుగుదలను అదుపు చేసే పీటెన్ ప్రోటీన్‌ను తగ్గిస్తుంది.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నేను ఎక్కించే చక్కెరను కణంలో బంధించేది హెక్సోకైనేజ్ జాతి ఎంజైములే, వాటిలోనూ క్యాన్సర్‌లో పెచ్చరిల్లేది హెక్సోకైనేజ్-2. స్కాన్ తెర మీద కనబడేది ఒక్క గడ్డే కాదు, కణంలో అదుపు తప్పిన పద్ధతి కూడా. పొగకూ ఆ అదుపు తప్పడానికీ మధ్య ఉన్న మెట్లలో కొన్నింటిని శాస్త్రం ఇప్పుడు చూపించగలుగుతోంది.

తగ్గిన మైక్రో ఆర్‌ఎన్‌ఏను బయటి నుంచి ఇస్తే సరిపోదా అని మొదట అందరూ ఆశపడ్డారు. మిర్-34 నమూనాతో చేసిన మందును రోగుల మీద పరీక్షించారు. రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా ఎదురుతిరిగి ప్రాణనష్టం జరగడంతో 2016లో ఆ పరీక్ష ఆపేశారు. ప్రయత్నాలు ఆగలేదు కానీ, ఈ దారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మందు ఇంకా ఆసుపత్రికి రాలేదు. వచ్చిందని ఎవరైనా అమ్మితే నమ్మవద్దు.

చరిత్ర చెప్పే మాట

స్కాన్‌కు ముందు మా తెలుగువాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "చక్కెర తింటే గడ్డ పెరుగుతదట గదా బిడ్డా? గింత అన్నం గూడ తినొద్దా?" నేను పక్కన కూర్చుని చెబుతాను. "తిను పెద్దమ్మా. పరీక్షకు ముందు కొన్ని గంటలే పస్తు. అన్నం మానేస్తే గడ్డ ఎండిపోదు, నీ ఒళ్లు చిక్కిపోతది. నువ్వు తినకున్నా నీ కార్జం గ్లూకోజును తయారు చేస్తది." ఒంట్లోని ప్రతి కణానికీ గ్లూకోజు కావాలి. మెదడుకు మరీ కావాలి. తప్పు అన్నం ముద్దలో లేదు. ఆ ముద్దను వాడుకునే పద్ధతి ఒక్కచోట అదుపు తప్పింది, అంతే.

"నా కర్మ గిట్లున్నది" అనే మాటా వింటాను. ఎన్నడూ బీడీ ముట్టని ఆడవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. మన దేశపు రోగుల్లో అలాంటివాళ్లు తక్కువేం కాదు. కట్టెల పొయ్యి పొగ, మురికి గాలి, పుట్టుకతోనో వయసుతోనో వచ్చిన జన్యు మార్పులు, ఇలా కారణాలు వేరువేరు. వాళ్లను అనుమానంగా చూడటం అన్యాయం. పొగతాగి జబ్బు పడినవాళ్లను నిందించడమూ అంతే అన్యాయం. పన్నెండు గంటల షిఫ్టులో నిలబడ్డ మనిషి చేతికి అగ్గువకు దొరికే బీడీని అందించింది ఒక పెద్ద వ్యాపారం. ఓడ, చేను, అడవి, చాట, కార్ఖానా అన్నీ కలిసి నాలుగు వందల ఏళ్లలో దాన్ని కట్టాయి. ఒకప్పుడు లేనిది మనుషుల చేతుల్లో మొదలైంది కాబట్టి, మనుషుల చేతుల్లోనే ముగియగలదు.

జహంగీర్ ఫర్మానా ఎందుకు చెల్లలేదో గుర్తుంచుకుంటే ఇప్పుడు ఏం చేయాలో తెలుస్తుంది. పంట వేసేవాడికీ, చుట్టేవాళ్లకూ మరో బతుకు చూపకుండా వద్దన్న మాట గాలికి పోతుంది. 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది, 2008 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ నిషేధం అమల్లోకి వచ్చింది. అవి అవసరమే. వాటితో పాటు నిజామాబాద్, సిరిసిల్ల ఆడవాళ్లకు బీడీ కూలికి తగ్గని మరో పని కావాలి. పొగాకు రైతుకు అదే నేలలో నిలబడే మరో పంట కావాలి. సూరత్ కార్ఖానాల్లో షిఫ్టు తగ్గాలి, బీడీ మానాలనుకునే మనిషికి తోడుండే వైద్యుడు గల్లీలోనే దొరకాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష చేయించినట్టే, మందులకు లొంగకపోతే క్యాన్సర్ పరీక్షకూ ఆలస్యం లేకుండా పంపాలి. ఇవేవీ నోబెల్ వచ్చేంత కొత్త సంగతులు కావు. ప్లేగు తర్వాత ఒక్కటై ఊరిని మార్చుకున్న సూరత్‌కు ఇవి అసాధ్యమూ కావు.